బొక్కలు నమిలిన బర్రె

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, 2015 జూన్‌లో, నన్ను మర్రిగూడ వైపు ఒక పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. అంటే ఆ చుట్టుపక్కల పశువుల డాక్టరును నేనొక్కడినే. అప్పటికి సర్వీసు ఇరవై రెండేళ్లు. నాకు తెలియని జబ్బు లేదనే పొగరూ ఉండేది, ఒప్పుకుంటున్నాను.

చేరిన వారానికే మరియమ్మ అనే కూలీ తన ఒక్కగానొక్క బర్రెను తోలుకొచ్చింది. "సారూ, గిది బర్రెనా, కుక్కనా? పెంట మీది బొక్కలు ఏరుకొని నములుతాంది. గాలి సోకిందంటున్రు. వచ్చే అంగట్ల అమ్ముదామంటుండు మా ఇంటాయన," అని ఏడ్చినంత పని చేసింది. అమ్మితే కొనేది కసాయే. ఆ పాల మీదే వాళ్ల ఇల్లు గడుస్తోంది.

కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించి, మేత వేళ తప్ప మూతికి చిక్కం కట్టమన్నాను. చిక్కం అంటే తాళ్లతో అల్లిన బుట్ట. అది ఉంటే పశువు దేన్నీ నోట పెట్టలేదు. బొక్క, అంటే ఎముక, గొంతుకు అడ్డం పడితే ప్రాణానికే ముప్పు, కాబట్టి కట్టించడం తప్పు కాదు. అంతటితో పని అయిపోయిందనుకోవడం తప్పు. పది రోజులకు మరియమ్మ మళ్లీ వచ్చింది. పాలు సగమయ్యాయట, బర్రె కాళ్లు ఈడుస్తోందట.

ముందే అడగాల్సింది అప్పుడు అడిగాను, ఏం మేపుతున్నావని. ఉత్త చొప్పేనట. అందులో భాస్వరం తక్కువ, ఒంట్లో ఉన్నదేమో పాలతో పోతుంది. బొక్కల్లో భాస్వరం ఉంటుంది, చిక్కంతో నేను ఆ కాస్తా అందకుండా చేశాను. కాలేజీలో చదివిన పాఠమే! సిగ్గేసింది. తవుడు, ఖనిజ లవణాల పొడి పెట్టమని చెప్పి, ఒక్క నెల ఆగమని ఆమె భర్తను బతిమాలాను.

నెల తిరిగేసరికి చిక్కం లేకున్నా బర్రె బొక్కను వాసన చూసి వదిలేసి పోయింది. మరియమ్మ సంబరం చూడాలి! "దానొంట్ల ఏం తక్కువైందో దానికెట్ల ఎరుక సారూ?" అని అడిగింది. దానికేమీ ఎరుక లేదు, దానికి బొక్క తినబుద్ధి అయింది, ఆ బుద్ధి పుట్టించింది ఒంట్లోని లోటు అన్నాను.

అది విని మరియమ్మ, "మా కోడలు బలపాలు తింటది సారూ. చంటిపిల్ల తల్లివి, నీకేం మాయరోగమే అని రోజూ తిడుతున్న," అంది. మనుషుల దవాఖానకు తీసుకుపొమ్మన్నాను. రక్తం బాగా తక్కువని తేలింది.

బలపంలో రక్తం పట్టించేదేమీ లేదు. బొక్క తీర్చినట్టు అది లోటు తీర్చదు, ఉందని మాత్రం చెబుతుంది. రిటైరయ్యేదాకా ఏ పశువు వింత పని చేసినా, మాన్పించే ముందు అది దేనికోసమో వెతికాను. ఈ పాఠం మనుషులకూ వర్తిస్తుందని మాత్రం మరియమ్మే నాకంటే ముందు గ్రహించి, కోడల్ని తిట్టడం మానేసింది.