సాంబయ్య గారి శుభలేఖకు నేను పెట్టిన పొగ

ఒక పెళ్లి సవ్యంగా జరగడానికి ఎంతమంది పెద్దలు కావాలో నాకు తెలియదు గానీ, చెడగొట్టడానికి ఒక్క స్క్రూడ్రైవరు చాలు. అది నా చేతిలోనే ఉంది. చెబుతాను, మీరు నవ్వుకోండి. ఆ రోజు నాకైతే నోట్లో తడి లేదు.

విజయవాడ వన్ టౌన్‌లో మాది శుభలేఖల కొట్టు. మాటలతో పాటే బేరమూ నేర్చాను. అమ్మ గోరుముద్ద పెడితే "ఇంకాస్త తగ్గించు" అన్నానట.

కొట్లో మ్యాటర్ కంపోజ్ చేయడానికి పాత కంపెనీ కంప్యూటరు ఒకటి ఉండేది. ఏ కంపెనీయో అడక్కండి. దాని మీది బ్రాండు బిళ్లకు నాన్న రోజూ బొట్టు పెట్టేవారు. పేజీ తెరవమంటే, అది తెరిచేలోగా కస్టమరు టీ తాగి, వియ్యంకుణ్ణి తిట్టుకుని, ఇంకో టీ అడిగేవాడు. లోపల కొత్త బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ వేస్తే సరిపోతుందని నా ఆలోచన. నాన్న కార్డుల కోసం శివకాశి వెళ్లిన రోజు చూసుకుని పని మొదలెట్టాను.

గవర్నరుపేటలో కోటేశ్వరరావు గారి కంప్యూటర్ షాపుకు, షట్టరు సగం లేచేసరికే చేరాను. బోణీ బేరాన్ని వెనక్కి పంపడానికి ఏ కొట్టువాడికీ మనసు రాదు. కొట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

"బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడూ నేనన్న ధరకే ఇవ్వండి. బోణీ అండీ, కాదనకండి."

"కాదనలేకే చస్తున్నానయ్యా. సరే, తీసుకో. పవర్ సప్లై కూడా కొత్తది తీసుకో. కంపెనీ డబ్బాల్లో వైరింగు వేరేగా ఉంటుంది."

‘ఇది కూడా తీసుకో’ట! శుభలేఖ కొన్నవాడికి కవర్లు, కవర్లు కొన్నవాడికి పసుపు డబ్బా అంటగట్టిన వంశం మాది. ఆ పాట నా దగ్గరా!

"పాతదే బంగారంలా ఉందండీ."

"పోనీ ఆ డబ్బా ఇటు తీసుకురా. చూసి బిగిస్తాం."

"బిగింపు చార్జీ నాకొద్దండీ. అది తీసేసి చెప్పండి."

తీసేశారు. నేను గెలిచాను. ఆ రోజు మొత్తానికి నేను గెలిచింది అదొక్కటే.

కొట్టుకు రాగానే, కంపోజింగ్ చేసే సుజాత గారు కంప్యూటరుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఉయ్యూరు సాంబయ్య గారి మ్యాటర్ ఇందులోనే ఉందండీ. సాయంత్రం ప్రెస్సుకు పోవాలి. ముందు ఫ్లాపీలోకి ఎక్కించనివ్వండి."

"హార్డ్ డిస్కును నేను ముట్టుకోనుగా. ఊరికే కొత్త ఫ్లాపీ దండగ."

ఆ మ్యాటర్ గురించి మీకు చెప్పాలి. ‘ఆహ్వానించువారు’ కింద ఎవరి పేరు ఎవరి పైన ఉండాలని సాంబయ్య గారి అన్నదమ్ములు, బావమరుదులు మా కొట్లోనే గొడవపడి, మాటలు మానేసి, ఒక మేనమామ కాళ్లావేళ్లా పడితే చివరికి ఒక వరసకు ఒప్పుకున్నారు. ఆ వరస కాగితం మీద లేదు. వాళ్లు అరుస్తుంటే సుజాత గారు తెర మీదే మారుస్తూ పోయారు. అది పోయిందా, అందరినీ మళ్లీ కూర్చోబెట్టాలి. కూర్చోబెడితే ఆ పెళ్లి జరిగినట్టే!

మూత విప్పాను. కొత్త బోర్డుకున్న కంతలూ డబ్బాలోని కంతలూ ఒక్కచోటా కలవలేదు. పోనీలే అని బోర్డును అట్టముక్క మీద పడుకోబెట్టాను. పవర్ ప్లగ్గు మాత్రం టక్కున కూర్చుంది.

"చూశారా! వేరేగా ఉంటుందన్నాడు. అచ్చు అదే!" అంటూ స్విచ్ వేశాను.

టప్!

బోర్డు మీంచి సన్నటి పొగ లేచి, ఫ్యాను గాలికి కొట్టంతా పరుచుకుంది. సరిగ్గా అప్పుడే సాంబయ్య గారు మెట్లెక్కారు.

"ఏంటబ్బాయ్ ఆ పొగ?"

"సాంబ్రాణి అండీ."

"వైరు కాలినట్టుందేంటి వాసన?"

"కొత్త రకమండీ."

"పాతదే వాడండయ్యా" అంటూ స్టూలు మీద కూర్చున్నారు. "ప్రూఫు ఏదీ? మా అన్నయ్య సాయంత్రం వస్తున్నాడు. తన పేరు పైనుందని కళ్లారా చూస్తే గానీ పెళ్లికి రానంటున్నాడు."

సుజాత గారు నా వైపు చూశారు. నాకంటే ఆ బోర్డే నయం, ఒక్కసారే కాలింది.

"బయట తీయించుకొస్తానండీ" అని, హార్డ్ డిస్కు ఊడదీసి తువ్వాలులో చుట్టి, పరుగున ఆటో ఎక్కాను. ఆటో అతను చెప్పిన రేటుకు మారు మాట్లాడలేదు. అతను వెనక్కి తిరిగి నా ముఖం, ఒళ్లోని మూట చూసి మెల్లిగా అడిగాడు.

"ఆసుపత్రికా అండీ?"

కోటేశ్వరరావు గారు అంతా విని తల పట్టుకున్నారు.

"ప్లగ్గు పడితే అయిపోయిందా? ఆకారం ఒకటే, లోపల వైర్ల వరస వేరు. చెప్పానా లేదా?"

"చెప్పారండీ. అమ్ముకోడానికి చెబుతున్నారనుకున్నా."

"అమ్ముకోడానికే చెప్పాను! అమ్మేవాడు నిజం చెప్పకూడదా?"

డిస్కును తన కంప్యూటరుకు తగిలించారు. అది కిర్రుమని ఆగింది. నా గుండే ఆగింది. మళ్లీ తిరిగింది. ఫైలు తెరిచారు. తెర నిండా చుక్కలు, కొమ్ములు, పిచ్చి గీతలు. సాంబయ్య గారి వంశం వంశమంతా డాలరు గుర్తులైపోయింది.

"పోయిందాండీ?" అంటూ డిస్కు చుట్టిన తువ్వాలుతోనే ముఖం తుడుచుకున్నాను.

"ఏడవకు. నా దగ్గర తెలుగు ఫాంటు లేదంతే. మ్యాటర్ ఉంది."

ఆయన కాళ్లకు దండం పెట్టబోయి, కౌంటరు అడ్డమొచ్చి ఆగాను. మళ్లీ బోర్డు దగ్గర్నుంచి అన్నీ కొత్తవి, ఈసారి పవర్ సప్లైతో సహా తీయించాను. ఆయన ధర చెప్పారు.

"ఇవ్వండి" అన్నాను.

ప్యాకు చేస్తున్న చేతులు ఆగిపోయాయి.

"బేరమాడవా?"

"వద్దండీ."

"అదేంటయ్యా, పొద్దున నా ప్రాణం తీశావు. ఇప్పుడిలా ఊరుకుంటే నేనేదో పాపం చేసినట్టుంది. అడుగు."

"ఏమడగమంటారు?"

"సగం అడుగు."

"సగానికి ఇస్తారా?"

"కుదరదు" అని, హాయిగా ఊపిరి పీల్చుకుని ప్యాకు చేశారు.

ఈసారి ఆయనే వచ్చి బిగించారు. డబ్బాలో పట్టనివన్నీ శుభలేఖల అట్టపెట్టె మీద బట్టల్లేకుండా పరిచారు. తెర వెలిగేసరికి సాంబయ్య గారి అన్నయ్య రానే వచ్చారు. కళ్లజోడు తుడుచుకుని, తన పేరు పైనుండడం చూసుకుని, తలూపారు. తర్వాత అట్టపెట్టె కేసి చూశారు.

"లోపలుండాల్సినవి బయటున్నాయేంటబ్బాయ్?"

"ఎండలు కదండీ. గాలి కోసం."

అన్నదమ్ములిద్దరూ మెట్లు దిగి వెళ్లి, కార్డు మ్యాటర్ ప్రెస్సుకు చేరాక, ఇంద్రకీలాద్రి వైపు తిరిగి రెండు చేతులూ జోడించి శపథం పట్టాను: అమ్మా, కంప్యూటరు ఎంత ముసలిదైపోయినా, విడిభాగాలు ఎంత చవగ్గా దొరికినా, లోపల ఒకరి పెళ్లి ఉండగా దాని మూత విప్పను.