ఏడింటి విజిలాయన

ఆ పార్కు కాపలాదారుకు ఒక్కటే పిచ్చి. సాయంత్రం ఏడు దాటాక లోపల నరమానవుడు ఉండకూడదు. గేటు పక్కన 'నాలుగు నుంచి ఏడు వరకు' అన్న బోర్డుకు ఏటా రంగు వేసేది ఆయనే. ఏడు కొట్టగానే విజిలు, వెనకాలే "ఏడైంది, బయటికి!" అన్న కేక. అందుకే అందరికీ ఆయన ఏడింటి విజిలాయన.

పదకొండేళ్లుగా అక్కడ మొక్కలు చూసుకునే తోటపని ఆమెకు ఆ కేక వింటే ఒళ్లు మండేది. సగం మడి తడిసి సగం ఎండి ఉన్నా పైపు కట్టేయాల్సిందే.

"మొక్కలకు గడియారం తెలీదన్నా!"

"నీకు తెలుసుగా."

క్యారేజీ తెచ్చిన సొంత పెళ్లాన్ని కూడా ఏడు దాటాక రానివ్వలేదు. ఊచల సందులోంచి గిన్నెలు ఒక్కొక్కటే అందుకున్నాడు. ఫౌంటెన్ ప్రారంభానికి వచ్చిన పెద్దమనిషి "చివరగా ఒక్క మాట" అన్నాడో లేదో, విజిలు మోగింది. ఆ మాట చెప్పకుండానే ఆయన కారెక్కాడు. విన్నవాళ్లు ఆ ఒక్కరోజు మాత్రం విజిలాయనను దీవించారు.

వాకర్ల సంఘం అధ్యక్షుడితో మాత్రం గొడవ ముదిరింది.

"అర రౌండు మిగిలిందయ్యా!"

"రేపు ఇక్కణ్ణించే మొదలుపెట్టండి" అని జేబులోంచి సుద్దముక్క తీసి, ఆయన బూట్ల ముందు గీత గీశాడు.

అధ్యక్షుడికి తల కొట్టేసినట్టయింది. వారం తిరక్కుండానే, ఏడు దాటాక లోపల ఎవరో తిరగడం ఆయన కంటపడింది. "మనకొక రూలు, తన మనిషికొక రూలా?" అని ఫిర్యాదు రాసి సంతకాలు పట్టాడు. పైపు కట్టేయించిన కోపంలో ఉన్న తోటపని ఆమె కూడా గబగబా గీకేసింది.

విచారణకు అధికారి వచ్చాడు. విజిలాయనకు సర్వీసు ఇంకా ఎనిమిది నెలలే ఉంది.

"ఏడు తర్వాత ఎవరినైనా రానిచ్చావా?"

లేదను, లేదను అని తోటపని ఆమె అధికారి వెనక నుంచి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కోపం ఉంటే ఉంది గానీ, మనిషి ఉద్యోగం ఊడాలని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"రాసి ఉంది సార్" అని ఆయన రిజిస్టరు ముందు పెట్టాడు.

అధికారి చదివాడు. "ఏడూ పదికి ఒక మనిషి ప్రవేశం. పడిన సార్లు, పదకొండు." పేజీ తిప్పితే తొమ్మిది. ఆ తర్వాత ఆరు. మొన్నటి తేదీకి ఒకటి.

"ఏమిటయ్యా ఈ పడటం?"

"లారీ డ్రైవరు సార్. ప్రమాదంలో కాలు పోయింది. పెట్టుడు కాలుతో నడక నేర్చుకుంటున్నాడు. జనంలో అయితే పడ్డప్పుడల్లా నలుగురు చేరి అయ్యో పాపం అంటున్నారు. రెండు రోజులు చూసి మానేశాడు."

"అందుకని అందర్నీ తరిమేస్తావా?"

"తరమడం ఎప్పుడూ ఉన్నదే సార్. ఇన్నాళ్లకు ఒకరికి పనికొచ్చింది."

"కనీసం రాయకుండా ఉండాల్సింది!"

"రాయకపోతే తప్పు కదా సార్."

తోటపని ఆమె తల దించుకుంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అధికారి నిట్టూర్చి, 'పదమూడో నియమం ఉల్లంఘన' అని రాయబోయాడు.

"పద్నాలుగు సార్. పదమూడు కుక్కల గురించి."

దిద్దిన ఆ కాగితంతోనే ఆయన ఉద్యోగం ఊడింది. అధ్యక్షుడు ఆ సాయంత్రం రెండు రౌండ్లు ఎక్కువ నడిచాడు.

ఇప్పుడు గేటు దగ్గర కొత్త కాపలాదారు ఫోన్లోంచి తలెత్తడు. ఎనిమిదైనా అడిగే దిక్కు లేదు. పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, నిండు జనంలో, డ్రైవరు నడుచుకుంటూ వచ్చాడు. పక్కన విజిలు లేని విజిలాయన.

తోటపని ఆమె పైపు వదిలేసి ఎదురెళ్లింది. "ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందన్నా."

"చూశాను. కింద తారీఖు వేయలేదు నువ్వు" అన్నాడాయన.

ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంతలో డ్రైవరు తూలి పడ్డాడు. జనం పరుగెత్తబోయారు. "ఎక్కడివాళ్లక్కడే!" అని పాత కేక వినపడేసరికి అధ్యక్షుడితో సహా అందరూ ఆగిపోయారు. డ్రైవరు తనంతట తానే లేచి నడక సాగించాడు.

ఏడైంది. విజిలు మోగలేదు, ఎవరూ కదల్లేదు.

"పద" అన్నాడు విజిలాయన.

"అర రౌండు మిగిలింది బాబాయ్!"

ఆయన వంగి, జేబులోంచి సుద్దముక్క తీసి, డ్రైవరు కాళ్ల ముందు గీత గీశాడు. ఆ పార్కులోంచి వేళకు బయటికి వెళ్లింది వాళ్లిద్దరే.

మర్నాడు పొద్దున తోటపని ఆమె బాటంతా ఊడ్చింది. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి చీపురు కాస్త పక్కకు తిప్పింది.