జెబెల్ షమ్స్ కొండ మీద పిలిచిన పేరు

సుజాతా, నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఒత్తులూ దీర్ఘాలూ యాడన్నా తప్పితే నవ్వుకోకుండా సరిచేసుకుని చదువుకో. వచ్చే జనవరిలో నువ్వూ మరిదీ మస్కట్‌లో మన వదిన ఇంటికి పోతున్నారని, జెబెల్ షమ్స్ కొండకు కూడా తీసుకుపోతామన్నారని నీ జాబులో చూశాను. పోయిన చలికాలం మేము ఆ కొండకు పోయివచ్చిన సంగతి రాస్తే నీకు పనికొస్తుందని కూర్చున్నాను.

ఆ ఏడు మదనపల్లె మార్కెట్లో టమోటా ధర నిలబడింది కాబట్టే మాకు ప్రయాణం కుదిరింది. వదిన బిడ్డను చూసి రావాలని ఆయనకు ఎప్పటినుంచో ఆశ. పుంగనూరులో పొద్దున ఆరింటికి బస్సెక్కితే ముళబాగిలు, కోలారు మీదుగా పదిన్నరకు బెంగళూరు చేరాము. అక్కడినుంచి విమానంలో మూడున్నర గంటలే. వదినావాళ్లు ప్రతి చలికాలం ఆ కొండ మీద గుడారం వేసుకుని పడుకుంటారట. నిక్షేపంలాంటి ఇల్లు పెట్టుకుని గుడ్డతో కట్టిన ఇంట్లో పడుకోవడమేమిటని అడిగాను. వదిన నవ్వి, "నీ మొగుడు తోటకు కావలి పోయి మంచె మీద పండుకోడా? ఇదీ అంతే. కాకపోతే దీనికి దుడ్లియ్యాల" అంది.

తెల్లవారి ఐదున్నరకు బయలుదేరాము. కొండదారి కంకరదారి, మామూలు కారు ఎక్కదు. డ్రైవరుతో సహా పెద్ద జీపుకు రోజుకు ముప్పై రియాళ్లు, మన డబ్బులో మూడువేల మూడొందలకు పైమాటే. డ్రైవరు బాషన్నది తమిళనాడులోని గుడియాత్తం. చిన్నప్పుడు మన వి.కోట సంతకు వచ్చేవాడట, తెలుగు బాగా మాట్లాడతాడు. ఏడున్నరకు నిజ్వా ఊర్లో టీ తాగి, అల్ హమ్రా దాటి, చెవులు దిబ్బళ్లు పడుతుంటే కొండెక్కాము. పదికంతా పైన ఉన్నాము. వదినా అన్నా బిడ్డను పెట్టుకుని గుడారాలు వేస్తామన్నారు. మేమిద్దరం, దారి చూపడానికి బాషన్న, పదకొండుకు నడక మొదలుపెట్టాము.

దారి ఎక్కుడు దిగుడు లేకుండా సాపుగానే ఉంటుంది. కానీ ఒక పక్క కొండగోడ, ఇంకో పక్క లోయ. తొంగిచూస్తే గద్దలు మన కాళ్ల కింద ఎగురుతూ కనిపిస్తాయి. నేను గోడను రాసుకుంటూ నడిచాను. గంటన్నరకు ఒక పాడుబడిన ఊరు వచ్చింది. కొండచరియ కింద రాతి ఇండ్లు, వాటి దిగువన మెట్లు మెట్లుగా చేలు. ఎవరూ సేద్యం చెయ్యడం లేదు. చేను కనిపిస్తే ఆయన కాలు నిలవదు కదా. "ఈడికి నీళ్లు యాడనుంచి తెచ్చుకున్న్యారో సూసొస్తా" అని చెప్పులతోనే దిగిపోయాడు.

వదిన కట్టిచ్చిన చిత్రాన్నం ముందర పెట్టుకుని కూర్చున్నాను. గంట గడిచింది. ఆయన రాలేదు. బాషన్న చేలలోకి దిగి "సార్, సార్" అని పిలిచి వచ్చాడు. పోయేటప్పుడు ఉన్న నవ్వు వచ్చేటప్పుడు లేదు. ఆ చేలు పోయి పోయి లోయ అంచున ఆగిపోతాయని, చివరి కట్టలో రాళ్లు వదులుగా ఉన్నాయని చెప్పాడు. కొండనీడ అప్పటికే లోయను సగం మింగేసింది. నేనూ లేచి "ఏమయ్యా, ఇదో" అన్నాను. నా గొంతు నీకు తెలుసు కదా, వంటింట్లోనుంచి నడవకు కూడా వినపడదు.

"సార్ పేరేంది మా?" అన్నాడు బాషన్న.

మొగుడి పేరు నేను ఎప్పుడూ పలికింది లేదు. అది ఆయన తాత పేరు. తన మామ పేరని అత్త కొడుకును ఎప్పుడూ "పెద్దోడా" అనే పిలుస్తుంది, వదిన "అబ్బోడా" అంటుంది. రేషన్ కార్డు రాయించేటప్పుడు కూడా పక్కింటామెతో చెప్పించినదాన్ని నేను. వదినను అడగమన్నాను. ఆమె గంటన్నర నడక దూరంలో ఉంది.

బాషన్నకు అర్థమైంది. "మా ఇంట్లో ఆడోళ్లూ సెప్పరు మా. అయితే ఈడ మీ అత్త లేదు. నేను సెవులు మూసుకుంటా, నువ్వే పిలువు" అన్నాడు. అన్నట్టే అటు తిరిగి రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు.

మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి కండ్లు మూసుకుని, పొట్టలో ఉన్న బలమంతా తెచ్చి "రెడ్డెప్పా" అని అరిచాను. లోయ అవతలి కొండ "రెడ్డెప్పా" అంది. దాని పక్కది అంది. మన ఇంట్లో ఏ ఆడమనిషీ పలకని పేరును కొండలు ఒకదాని తర్వాత ఒకటి పలికాయి. ఆ తర్వాత యాడనో కిందనుంచి "ఆ, వస్తాండా" అని వినిపించింది.

కాసేపటికి మోకాళ్లకు దుమ్ముతో పైకి వచ్చాడు. పాతకాలం నీళ్లకాలవను పట్టుకుని చివరి కట్ట దాకా పోయాడట. "సార్, సార్ అంటాంటే ఎవురో దొరలను పిలుస్తాండారనుకున్న్యా. నన్ను సార్ అనేదెవురు? పేరు ఇనపడినాక ఎనక్కి తిరిగినా. తిరిగేటప్పుడు, నేను అడుగెయ్యబోయిన రాయి కదిలి కిందికి పోయింది. పడిన సద్దు గూడా ఇనపడల్యా" అన్నాడు. పిలిచిందెవరని అడిగాడు.

బాషన్న అని చెప్పాను.

"నాకు సార్ పేరే తెలీదే" అన్నాడు బాషన్న.

ఆయన చిత్రాన్నం తిని చెయ్యి కడుక్కుని, "నువ్వు ముందర పో. నీ గొంతు ఇనపడేంత దూరంలో ఎనక వస్తా" అన్నాడు. పెండ్లయినప్పటినుంచి ఆయన వెనక నడవడమే తప్ప ముందు నడిచింది లేదు. వీపు మీద ఎండ పడినట్టుగా ఉండింది దారంతా. నాలుగున్నరకు గుడారాలు చేరాము. మమ్మల్ని చూసి వదిన టీకి నీళ్లు పెట్టింది. దారి బాగుందని మాత్రం చెప్పాము.

కెమెరాలో ముప్పై ఆరు ఫోటోల రీలు అయిపోయింది, వాటిలో కొండ అందం ఏమీ రాలేదు. నాకు గుర్తున్నది ఆ ఒక్క పిలుపే. మర్యాద అనుకుని నేను దాచిపెట్టుకున్న మాటే ఆరోజు ఆయనను ఆపింది. ఊరికి వచ్చాక మళ్లీ ఎప్పుడూ అలా పిలవలేదు. కానీ తోటకు అన్నం తీసుకుపోయి గట్టు మీదనుంచి "ఇదో" అంటే, వినపడి కూడా ఆయన తిరగడు. టమోటా చెట్లకు పురితాడు కడుతున్నట్టు వంగుకుని, నవ్వుకుంటూ, కాచుకుని ఉంటాడు.

చలికోట్లు, బూట్లు వదిన ఇస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. బయలుదేరే ముందు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపేసుకుని మరిది పేరు ఒకసారి గట్టిగా పలికి చూసుకో. అత్త ఇప్పుడు కుప్పంలో నీ దగ్గరే ఉంది, జాబు వస్తే ఎవరితోనైనా చదివించుకుంటుంది. ఆమె మామ పేరును నేను ఈ కాయితం మీద రాశాను. చదివిన వెంటనే దీన్ని నీళ్లపొయ్యిలో పెట్టెయ్.