మూడు వందల రెండో ఫ్లాటు ఓటరు

నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన చలపతిరావు గారికి అబద్ధమాడడం చేతకాదు. ఆడిన ఒక్క అబద్ధం ఆ ఉదయం ప్రగతి నగర్‌లోని సొంత అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరే ఎదురు వచ్చి నిలబడింది.

ఓటర్ల జాబితా సవరణకై వచ్చిన సాయిలు మాస్టారు వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్క ఫ్లాటులోని పేర్లు చదువుతున్నారు. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి రామబ్రహ్మం పక్కనే నిలిచి జవాబులు అందిస్తున్నారు.

"అవినాష్, మూడు వందల రెండు?"

"మన చలపతిరావు గారబ్బాయేనండి. బెంగళూరులో ఉద్యోగం. కొట్టేసుకోండి."

మెట్ల దగ్గరున్న చలపతిరావు గారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. హైటెక్ సిటీలోని ఒక ఉద్యోగ శిక్షణ సంస్థ యజమాని విద్యార్థుల సొమ్ముతో పరారు కాగా, అక్కడ మేనేజరైన అవినాష్‌ను పోలీసులు పట్టుకుపోయారు. అతడు చర్లపల్లి జైలులో ఉన్నాడు. కేసు ఇంకా విచారణకే రాలేదు. బెంగళూరు అన్నది ఇరుగుపొరుగుకు తాము చెప్పిన మాట. గత ఎన్నికల్లో ఓటు వేయలేకపోయిన కొడుకు మొన్న ములాఖత్‌లో అద్దం అవతలి నుంచి అడిగాడు: "జాబితాలో నా పేరైనా ఉంచారా నాన్నా?"

"పర్మనెంటుగ పోయిండా సార్?" అని సాయిలు కలం ఎత్తారు. "పోయిండంటే తీసేస్త. మీరే చెప్పుండ్రి."

వెనుక లిఫ్టు కోసం నలుగురు వేచి ఉన్నారు.

"ఎక్కడికీ పోలేదండి," అన్నారు చలపతిరావు గారు. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "చర్లపల్లి జైల్లో ఉన్నాడు. శిక్ష పడలేదు."

లిఫ్టు వచ్చినా ఎవరూ ఎక్కలేదు. రామబ్రహ్మం సెల్‌ఫోను చూసుకోసాగారు.

"గట్లైతే నేనెందుకు కొట్టేస్త?" అన్నారు సాయిలు తల ఎత్తకుండానే. "లోపలున్నన్ని దినాలు ఓటెయ్యనియ్యరు గని, పేరైతే ఎటూ పోదు. బెయిల్ మీద బయటికొస్తే వచ్చి ఏసుకుంటడు. ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఇగ, మూడు వందల మూడు?"

చలపతిరావు గారు మెట్లెక్కారు. లిఫ్టులో అయితే ఇల్లు మరీ త్వరగా వచ్చేస్తుంది. భార్య ఉమాశ్రీకి ఏమని చెప్పాలి? ఈ సంగతి బయటపడకూడదనే ఆమె చెల్లెలి ఇంటి గృహప్రవేశానికి కూడా వెళ్లలేదు.

ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. "పేరు తీసేశారాండీ?"

"లేదు, ఉంచారు. వాడెక్కడున్నాడో అందరి ముందూ చెప్పేశాను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే మంగళవారం ములాఖత్‌కు వెనక గేటులోంచి దొంగల్లా పోనక్కర్లేదు," అన్నది. "ఆటోను ముందు గేటుకే పిలవండి."