నీళ్లు పోయని ఇల్లు

తొంభైల చివర్లో మతాల అధ్యయనంలో పీహెచ్‌డీకి తణుకు దగ్గర మా ఊరి అమ్మవారి జాతరనే తీసుకున్నాను. పరిశోధకుడు చూడాలే గాని అందులో కలవకూడదని మా గైడు గారు పదేపదే చెప్పేవారు.

జాతర రోజున అమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. గరగ, అంటే అమ్మవారి కలశం, నెత్తిన పెట్టుకున్నాయన గుమ్మంలోకి రాగానే కాళ్ల మీద పసుపు నీళ్లు పోయాలి. బిందె గడప పక్కన పెట్టించి, ఆ పని నాకు అప్పగించింది. ఆయన వచ్చేసరికి నేను డప్పు వరసలూ అడుగులూ రాసుకుంటున్నాను.

"బాబుగారూ, నీళ్లండి" అన్నారాయన.

"ఒక్క నిమిషం" అన్నాను తలెత్తకుండా.

తలెత్తేసరికి ఆయన పక్కింటి గుమ్మంలో ఉన్నారు. నా మొహానికి పరిశోధన ఒకటి!

"పోశావా నాన్నా?" లోపల్నుంచి అమ్మ అడిగింది.

"పోశానమ్మా."

సిద్ధాంత గ్రంథంలో మాత్రం నిజం రాశాను, సగం: ఒక ఇంటివాళ్లు నీళ్లు పోయలేదు, కారణం తెలియదు. ఆ నిష్పాక్షికతను గైడు గారు మెచ్చుకున్నారు. చదువు రాని అమ్మ ఆ పుస్తకానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టుకుంది. పోయేదాకా రోజూ దానికి దణ్ణం పెట్టుకుంది.