భోంచేసి వెళ్ళమన్నందుకు నోటీసు

ఉయ్యూరులో మా ఇంటి ముందుగదిలోనే టీషర్టులు ప్రింట్ చేస్తుంటాను. పోయినేడు మా ఆడపడుచు కొడుకు పెళ్ళిలో వడ్డించేవాళ్ళ కోసం 'భోంచేసి వెళ్ళండి' అని షర్టులు వేసి, ఫోటో నెట్‌లో పెట్టాను. పెళ్ళి రేపనగా మధ్యాహ్నం ఒకాయన లాయర్ నోటీసుతో దిగాడు.

"ఆ మాట మా కంపెనీ ట్రేడ్‌మార్కండీ. బట్టల మీద ఇంకెవరూ వేయకూడదు."

"ఇంటికొచ్చినవాళ్ళతో అందరం అనే మాటేగా అండీ!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

ఇంతలో మా అత్తయ్య బయటికొచ్చారు. "ఎండన పడి వచ్చారు, భోంచేసి వెళ్ళండి బాబూ," అన్నారు.

ఆయన కాస్త మొహమాటపడి, కూర్చున్నాడు. పప్పుచారు రెండుసార్లు వేయించుకున్నాడు. చేయి కడుక్కుని, నోటీసు అందిందని నాచేత సంతకం పెట్టించుకునే కదిలాడు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మర్నాడు పెళ్ళిలో మావాళ్ళు షర్టులు తిరగేసి తొడుక్కుని వడ్డించారు. అత్తయ్య మాత్రం పందిరి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పారు. ఆవిడకింకా నోటీసు రాలేదు.