వెనక్కి తిరిగే మెడ

హుసేనప్ప మెడ కుడి వైపుకు కాస్త వాలి ఉంటుంది. పుట్టుకతో వచ్చిన వంకర కాదది. పదిహేడో ఏట ట్రాక్టరు ఎక్కింది మొదలు ముప్పై ఏళ్ళుగా, గుంత దాటిన ప్రతిసారీ వెనక ట్రాలీ ఉందో లేదో అని తిరిగి చూసీ చూసీ అలా నిలిచిపోయింది. ట్రాక్టరు ఒకరిది, పొలం ఇంకొకరిది. మెడ ఒక్కటే అతనిది.

పెద్దకడుబూరు మండలంలోని వాళ్ళ పల్లెలో సెలవు అనే మాట ఎవరి నోటా రాదు. శ్రావణంలో పత్తికి కలుపు తీత అయ్యాక, మళ్ళీ మందు కొట్టేలోపు నాలుగు రోజులు దొరుకుతాయి, అంతే. ఆ నాలుగు రోజులకూ హుసేనప్ప యజమానిని బతిమాలి ట్రాక్టరు తెచ్చుకునేవాడు. ట్రాలీ మీద వెదురుబద్దలు వంచి, టార్పాలిన్ కప్పి, లోపల గడ్డి పరిచి తల్లి ఉచ్చీరమ్మనూ భార్య మహాదేవినీ ఎక్కించుకుని మాధవరం దగ్గర నది ఒడ్డుకు పోయేవాడు. అక్కడ ట్రాలీని విప్పి చక్రాల కింద రాళ్ళు పెడితే అదే ఇల్లు. ఇంటిని అక్కడే వదిలి, ట్రాక్టరు మీద పోయి కూరగాయలు తెచ్చేవాడు.

రెండేళ్ళ కిందట, ఆ దారిలోనే మిట్ట ఎక్కుతుండగా ట్రాలీ హుక్కు పిన్ను ఊడింది. ట్రాక్టరు చప్పుడులో అతనికి ఏమీ వినపడలేదు. ఆ ఒక్క గుంత దగ్గర తిరిగి చూడలేదు, బీడీ ముట్టించుకుంటున్నాడు. మిట్ట పైకి వచ్చాక చూస్తే వెనక రోడ్డు ఖాళీ. ట్రాలీ వెనక్కి దొర్లి, పొలం గట్టును గుద్ది పక్కకు ఒరిగి ఉంది. మహాదేవికి మోచేతులు గీరుకుపోయాయి. ఉచ్చీరమ్మ కాలు విరిగింది. ఆదోని ఆస్పత్రిలో కట్టు విప్పారు గానీ, ఆమెకు చేతికర్ర తప్పలేదు. హుసేనప్ప కళ్ళలోంచి ఆ ఖాళీ రోడ్డు పోలేదు.

పోయినేడు వాళ్ళు ఎక్కడికీ కదలలేదు. ఈ ఏడు అతను ఎమ్మిగనూరులో ఒక బడి వాళ్ళు వదిలించుకున్న పాత వ్యాను కొన్నాడు. సీట్లు పీకించి, రెండు నులక మంచాలు బోల్టులతో బిగించి, కిటికీ పక్కన స్టవ్వుకు బండ వేయించాడు. వెల్డింగు చేసిన శేషన్న పని అయ్యాక వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి నవ్వాడు.

"ఏమప్పా, ఇంటికి ఇంజను పెట్టినావా, ఇంజనుకు ఇల్లు కట్టినావా?"

"పిన్ను లేదు గదన్నా. నాకది సాలు."

"పిన్ను లేదులే. ట్రాక్టరు సెడిపోతే ట్రాలీలోనన్నా పండుకుంటాంటివి. దీనికేమన్నా అయితే బండీ ఇల్లూ ఒగేసారి పోతాయి సూడు."

శేషన్న తమాషాకే అన్నాడు. హుసేనప్ప ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చాడు.

బయలుదేరిన పొద్దున ఆడవాళ్ళిద్దరూ వెనక మంచాల మీద కూర్చున్నారు. వెనక తలుపు గొళ్ళెం అతనే వేసి, రెండుసార్లు లాగి చూశాడు. ఊరు దాటగానే గుంతలు. ఆ రోడ్డును ఎన్నికలకు ఒకసారి వేస్తారు, అది ఒక్క వానకు సరిపోతుంది. మొదటి గుంతకే అతని మెడ వెనక్కి తిరిగింది. ముందు అద్దం ఉంది, అందులో ఇద్దరూ కనపడుతున్నారు. కానీ అద్దాన్ని ఆ మెడ నమ్మలేదు.

"ముందుకు సూడయ్యా" అంది మహాదేవి. "మేం యాడికి పోతాం? ఈన్నే ఉండాం గదా."

"తెలుసులే."

"తెలిస్తే ఎందుకు తిరుగుతాండావు?"

మూడో గుంత దగ్గర తిరిగి చూసినప్పుడు వ్యాను రోడ్డు మధ్యకు జరిగింది. ఎదురుగా వచ్చిన బండల లారీ, హారను మోగిస్తూ వ్యాను పక్క అద్దాన్ని ఊడగొట్టి పోయింది. హుసేనప్ప వ్యాను ఆపేశాడు.

"నాకింగ ఒగ కాలు మిగిలుంది" అంది ఉచ్చీరమ్మ వెనకనుంచి. "అది గూడా ఇరగ్గొడ్దామనా?" ఆమె చేతికర్రతో రేకు నేల మీద కొట్టింది. "ఇదో, ఈ సప్పుడు ఇనపడినంతసేపు నేనుండాననుకో. ఎనక్కి తిరిగితే మటుకు ఈ కర్రతోనే ఏస్తా."

మళ్ళీ కదిలారు. టక్. టక్. గుంత వచ్చినప్పుడల్లా మెడ నరాలు లాగాయి. అతను పళ్ళు బిగబట్టి, చప్పుడు విని, ముందుకే చూశాడు.

ఆ మిట్ట వచ్చింది. రెండో గేరులో సగం ఎక్కారో లేదో, చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా" అన్నాడు. ఇంజను రొద తప్ప ఏమీ వినపడలేదు. "మహాదేవీ." వెనక తలుపును చూపే పక్క అద్దం ఊడిపోయిందని గుర్తొచ్చింది. గొళ్ళెం లాగి చూసింది ఒకసారా, రెండుసార్లా? పైనుంచి బస్సు దిగుతోంది. ఇక్కడే, ఈ గుంత దగ్గరే బీడీ ముట్టించాడు. తిరిగితే బస్సు కిందికి పోతారు. తిరగకపోతే, రెండేళ్ళుగా చూస్తున్న ఆ ఖాళీ రోడ్డు ఇప్పుడు నిజంగానే వెనక ఉందేమో. ముందు అద్దం వైపు కూడా చూడలేదు. అందులో మంచాలు ఖాళీగా కనపడితే స్టీరింగు చేతుల్లో నిలవదని తెలుసు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. బస్సు పక్కనుంచి పోయింది. మెడ తిరగలేదు.

మిట్ట పైన పక్కకు ఆపాడు. దిగి ముందు రాయి వెతికి చక్రం కింద పెట్టాడు. ఆ తర్వాతే తలుపు తీయగలిగాడు.

మహాదేవి గోడకు ఆనుకుని నిద్రపోతోంది. ఉచ్చీరమ్మ కర్రను ఒళ్ళో పెట్టుకుని చేయి పిసుక్కుంటోంది.

"సెయ్యి పీకుతాందిరా. ఎంతసేపని కొట్టేది?"

"నేను పిల్సినా గదమ్మా."

"నాకు ఇంజను సప్పుడే ఇనపడె." ఆమె అతని ముఖం చూసింది. గొంతు తగ్గించింది. "తిరిగినావా?"

"లేదు."

ఉచ్చీరమ్మ కోడలిని తట్టి లేపి, కర్ర ఆమె చేతికిచ్చింది.

హుసేనప్ప చక్రం కింది రాయిని పారేయకుండా తన సీటు పక్కన పెట్టుకున్నాడు. వ్యాను కదిలింది. టక్. టక్. ఈ చప్పుడు వేరు. మహాదేవి ఉందని చెబుతోంది. తల్లి సంగతి చెప్పడం లేదు. నది ఇంకా పన్నెండు కిలోమీటర్లు. చెమట పట్టిన చేతులతో స్టీరింగు పట్టుకుని, అతను ముందుకే చూశాడు.